అందరికీ కనిపించిన సైరన్

చక్రధరం పోయిన రోజున ఆ ఆఫీసు రెండింటిని పోగొట్టుకుంది. పొద్దున మనిషి పోయాడు. సాయంత్రం ఆయన రాసిందంతా పోయింది.

మనిషి పోవడంలో ఆఫీసు తప్పేమీ లేదు. ఆయన రోజూ ఎక్కే బస్సే ఎక్కాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు, దిగవలసిన చోటు వచ్చినా లేవలేదు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు భుజం తట్టాడు. అంతే.

సాయంత్రం సభాగదిలో సంతాప సభ పెట్టారు. అందరూ లేచి నిలబడి మౌనం పాటిస్తున్న సమయంలోనే, పక్క గదిలో కంప్యూటర్ల నిర్వహణ విభాగం వాళ్ళు చక్రధరం కంప్యూటర్‌ని తుడిచి శుభ్రం చేశారు. సేవ నుంచి నిష్క్రమించిన ఉద్యోగి యంత్రంలో ఉన్న సమస్తాన్నీ ఆ రోజు పనివేళలు ముగిసేలోగా చెరిపివేయాలని నిబంధన. నిష్క్రమణ అనగా బదిలీ, రాజీనామా, పదవీ విరమణ, మరణం అని దాని కిందే వివరణ కూడా ఉంది. మిగతా విభాగాల్లో పనులు ఆలస్యమైతే కావచ్చు గాని, ఆ విభాగంలో ఏనాడూ కాలేదు.

మౌనం ముగిసి బయటికి వచ్చిన ఇందుమతికి పక్క సీటులో నల్లటి తెర కనిపించింది. పదకొండేళ్ళుగా ఆ సీటు పక్కనే ఆమె పనిచేసింది. కుర్చీ వీపు మీద ఆయన తువ్వాలు శుక్రవారం ఆరేసినట్టే ఉంది. ఏం పోయిందో ఆఫీసులో అందరికంటే ముందు అర్థమైంది ఆమెకే. తువ్వాలు మడతపెట్టి, వాళ్ళింటికి పంపడానికి సంచిలో పెట్టుకుంది.

ఆ ఆఫీసు పేరు తీర హెచ్చరికల సాఫ్ట్‌వేర్ కేంద్రం. విశాఖపట్నంలో కొండవాలు మీద, సముద్రం కనిపించేటట్టు కట్టారు. వాతావరణం వాళ్ళు తుపాను కబురు పంపితే దాన్ని తీరం పొడుగునా ఉన్న సైరన్‌లకు చేర్చడం ఈ కేంద్రం పని. ప్రతి జాలరి పల్లెలోనూ ఒక స్తంభం, దాని మీద ఒక సైరన్. ఇక్కడ ప్రోగ్రాం చెబితే అక్కడ సైరన్ కూస్తుంది. పడవలు ఆగిపోతాయి. ఆ ప్రోగ్రాం మొత్తం చక్రధరం ఒక్కడే రాశాడు. రాసి, తన దగ్గరే పెట్టుకున్నాడు.

మంచి మనిషే గాని, పని విషయంలో మూసిన పెట్టె. ఎవరైనా దగ్గరికొస్తే తెర ఆర్పేసేవాడు.

“చక్రధరం గారూ, మీరు రాసింది అందరికీ అందే చోట ఒక నకలు పెట్టండి” అని ఇందుమతి ఎన్నోసార్లు అడిగింది.

“పెడితే మీరందరూ చెయ్యి పెడతారు. నేనుండగా మీకెందుకండీ బెంగ?” అనేవాడు నవ్వుతూ.

ఆమె సంచాలకులకు కూడా రాసింది. జవాబు రాలేదు.

ఇప్పుడు ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. దాన్ని మార్చడానికి కావలసిన రాత మాత్రం లేదు. అన్నీ సవ్యంగా ఉంటే మార్చవలసిన అవసరమూ ఉండేది కాదు. గవ్వలపేట దగ్గర సవ్యంగా లేదు.

నిరుడు సముద్రం గవ్వలపేట ఒడ్డును కోసేసింది. ఊరు లేచి సరుగుడు తోటల వెనక్కి జరిగింది. పాత స్తంభం సైరన్‌తో సహా నీళ్ళలోకి పోయింది. కొత్త ఊళ్ళో కొత్త స్తంభం పాతారు, కొత్త సైరన్ పెట్టారు. దానికి నంబరు కూడా కొత్తదే. ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. అది ఇప్పటికీ పాత నంబరుకే, అంటే సముద్రం అడుగున ఉన్న సైరన్‌కే, శ్రద్ధగా హెచ్చరికలు పంపుతోంది.

“ఒక నంబరే కదా, సోమవారం మార్చేస్తాను” అన్నాడు చక్రధరం శుక్రవారం ఇంటికెళ్తూ. ఆయన పోయింది ఆ సోమవారమే.

మర్నాడు గవ్వలపేట నుంచి సూరాడ ఎర్రమ్మ ఫోన్ చేసింది. ఆ ఊరి పడవల సంఘానికి ఆమె పెద్ద.

“ఇందమ్మా, చక్రం బాబు పోనాడట కదా. కబురు ఇప్పుడే తెలిసినాది. ఎప్పుడు ఫోన్ సేసినా ఇసుక్కోకుండా పలికీవోడమ్మా.” ముక్కు చీదుకుంది. “అడగడానికి నోరు రాటంలేదు గానీ, మరి మా సైరనో?”

“చేస్తాం ఎర్రమ్మా.”

“గుంజ పాతినారు, రంగేసినారు, కొబ్బరికాయ కొట్టినాం. కుయ్యంటే కుయ్యదు. ఒడ్డుమీద ఫోనులు పలకవు. మా మొగోళ్ళు మద్దేనం ఏటకెల్తే మల్లీ తెల్లారే రావడం. మీ కంప్యూటరు ఇంకా నీళ్ళల్లో సైరనుకే సెప్తందంట కదా. సేపలకి సెప్తన్నారేటమ్మా, తుపానొత్తంది జాగర్తర్రా అని?”

ఇందుమతికి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. “ఈ వారంలో అయిపోతుంది” అంది.

ఆ మాట ఆమె తేలిగ్గా అనలేదు. పాత ప్రోగ్రాం జోలికి పోకుండా, గవ్వలపేట ఒక్కదాని కోసం చిన్న ప్రోగ్రాం విడిగా రాయవచ్చు. ఒక పూట పని. బుధవారం పొద్దున రాయడానికి కూర్చుంది. అదే పొద్దున సంచాలకులు సదాశివమూర్తి గారు మూడు రోజుల శిక్షణ ముగించుకుని ఊటీ నుంచి తిరిగొచ్చారు.

ఆయన రాగానే అందరినీ సమావేశపరిచారు.

“చక్రధరం గారి అకాల నిష్క్రమణ మనకొక అభ్యసన అవకాశం” అని మొదలుపెట్టారు. “మూసివేత అనేది వ్యక్తి దోషం కాదు, వ్యవస్థా రుగ్మత. దానికి ఏకైక ఔషధం సంపూర్ణ పారదర్శకత. ఈ క్షణం నుంచి ఈ కేంద్రంలో కనిపించని పని పనిగా పరిగణించబడదు.”

ఇందుమతి లేచి నిలబడింది. “చాలా సంతోషం సార్. మనందరం రాసేది ఒకే చోట పెట్టుకుని, ఒకరు రాసింది ఇంకొకరు చదివితే సరిపోతుంది. రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.”

సంచాలకులు దయగా నవ్వారు. “అది పరిష్కారం అమ్మా. మనకు కావలసింది సంస్కృతి.”

సంస్కృతి మర్నాడే లారీలో వచ్చింది. గోడలు తీసేసి అద్దాలు బిగించారు. తలుపులు ఊడదీసి గిడ్డంగికి పంపారు. బాత్‌రూమ్ తలుపుల విషయంలో భిన్నాభిప్రాయాలు వచ్చినందున ఆ అంశాన్ని ఉపసంఘానికి నివేదించారు. కొత్తగా ఏర్పడిన పారదర్శకతా విభాగానికి మాత్రం తలుపు ఉంచారు. విధాన నిర్ణయాలు సున్నితమైనవి గనుక బయటికి పొక్కరాదని కారణం చూపారు.

అద్దాలు బిగించినన్నాళ్ళూ కంప్యూటర్లకు కరెంటు ఇవ్వలేదు. ఇందుమతి తన పూట పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కరెంటు వచ్చాక చూస్తే, ఆమె తెర మీద కనిపించేదంతా హాలు మధ్య గోడంత పెద్ద తెర మీద కూడా కనిపిస్తోంది. హాల్లో సందర్శకుల కోసం మెట్లు మెట్లుగా కుర్చీలు వేశారు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళ కోసం ప్రత్యక్ష ప్రసారం కూడా పెట్టారు.

ఆమె కొత్త ఫైలు తెరిచి, రెండు వరుసలు రాసి, మూడో వరుస గురించి ఆలోచిస్తూ ఆగింది.

“మేడం, ఆలోచిస్తున్నట్టున్నారు” అన్నాడు గౌరీనాథం.

గౌరీనాథం మొన్నటిదాకా ఆమె ఎదురు సీటులో ప్రోగ్రాంలు రాసేవాడు. విజయనగరం మనిషి. ఇప్పుడు ఆమెకు పారదర్శకతా పరిశీలకుడు. మెడలో ఆకుపచ్చ బిళ్ళ వేసుకుని, ఆమె వెనకాల స్టూలు మీద కూర్చుంటాడు.

“అవునండీ. ఆలోచిస్తున్నాను.”

“పైకి ఆలోచించాలి మేడం. సర్క్యులర్ వచ్చింది.” చదివి వినిపించాడు. “ఆలోచన సైతం పనియే. మనసున దాచుకొను ఆలోచన, సొరుగున దాచుకొను ఫైలుతో సమానము.”

“ఇది ఎవరు రాశారండీ?”

“తెలీదు మేడం. తలుపేసుకుని రాశారు.”

ప్రతి టేబుల్ మీదా మైకు పెట్టారు. ఆ రోజు నుంచి హాల్లో అందరూ పైకి ఆలోచించడం మొదలుపెట్టారు. కొందరు ప్రోగ్రాంల గురించి, ఎక్కువమంది గ్యాస్ సిలిండర్ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి ఆలోచిస్తారని కేంద్రానికి మొదటిసారి తెలిసింది. ఒకాయన సంచాలకుల గురించి ఆలోచించబోయి, మైకు గుర్తొచ్చి, భక్తి పాటలోకి దిగాడు. గోలలో ఎవరి ఆలోచన వాళ్ళకే వినపడక, అందరూ ఇంకాస్త గట్టిగా ఆలోచించేవాళ్ళు.

ఇందుమతి ఆ గోలలోనే రాసింది. ఒక అంకె తప్పు పడితే చెరిపి సరిచేసింది. సాయంత్రం పారదర్శకతా విభాగం నుంచి పిలుపొచ్చింది.

సంచాలకులు బాధగా ఉన్నారు. “మీరు మధ్యాహ్నం ఒకటి రాసి, చెరిపారు.”

“తప్పు పడింది సార్. దిద్దుకున్నాను.”

“ఆ తప్పు ఇప్పుడెక్కడుంది?”

“లేదు సార్.”

“అదీ సమస్య. తప్పు చేయడం మానవ సహజం. తప్పును మాయం చేయడం మూసివేత. ప్రజలు మీ సరైన పనిని మాత్రమే చూడాలంటే అది ఏకపక్ష సమాచారం కాదా?”

మర్నాడు ఎలక్ట్రీషియన్ ఒకతను స్క్రూడ్రైవర్‌తో వచ్చి, ప్రతి కీబోర్డు నుంచీ చెరిపే మీట ఊడబెరికి డబ్బాలో వేసుకున్నాడు. ఎవరి మీటకు వాళ్ళ చేత సంతకం చేయించుకున్నాడు. ఆ తర్వాత కేంద్రంలో రాసిన ప్రోగ్రాంలలో తప్పులూ ఒప్పులూ పక్కపక్కనే ఉండసాగాయి. ప్రోగ్రాంలో ఒక్క తప్పున్నా అది నడవదు. ఏవీ నడవలేదు. అవి ఎందుకు నడవడం లేదో మాత్రం చూసినవాళ్ళందరికీ స్పష్టంగా తెలిసేది. నెలవారీ నివేదికలో దాన్ని విజయంగా చూపారు.

ఇందుమతి ఒక్కతే తప్పు పడకుండా రాయడం నేర్చుకుంది. ముందు ప్రతి అక్షరమూ పైకి చెప్పుకుని, ఒక్కో మీటా చూసి చూసి నొక్కేది. తప్పు పడితే ఫైలు మొదటి నుంచి మళ్ళీ రాసేది. చాలాసార్లు మళ్ళీ రాసింది. పక్కన చక్రధరం సీటులో ఇప్పుడొక కెమెరా కూర్చుంది. ఒక్కోసారి ఆమెకు ఆయన మీద కోపం వచ్చేది. ఒక్క నకలు, ఎక్కడో ఒక చోట పెట్టి ఉంటే! పోయినవాళ్ళ మీద కోపం వస్తే చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. అది కూడా పైకి ఆలోచించవలసిందేనేమో గాని, ఆమె ఆలోచించలేదు. ఆమె దాచుకున్నది ఆ ఒక్కటే.

శ్రావణంలో ఎర్రమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. అప్పటికి ఫోన్లన్నీ స్పీకరు మీదే మాట్లాడాలి. ఎర్రమ్మ గొంతు హాలంతా వినిపించింది.

“ఇందమ్మా, వారమన్నావు. మీ ఆఫీసు వారం ఎన్నాళ్ళుంటాదే తల్లీ?”

మెట్ల మీద సందర్శకులు నవ్వారు.

“ఎవురమ్మా ఆ నవ్వేవోళ్ళు?”

“ప్రజలు ఎర్రమ్మా. మన పని చూడ్డానికి వచ్చారు.”

“మాకు నేకుండా ఆలకెందుకు సూపిత్తన్నారు?”

ఇందుమతి జవాబు చెప్పేలోపు గౌరీనాథం వంగి, “మేడం, ఈ కాల్ అజెండాలో లేదు. మూడు నిమిషాలే” అన్నాడు. తర్వాత మైకుకి చెయ్యి అడ్డం పెట్టబోయి, అదీ నేరమే గనుక చెయ్యి తీసేసి, హాలంతా వినబడేటట్టు, “నాకు సిగ్గుగా ఉంది మేడం” అన్నాడు. అది కూడా ఆలోచన కిందే రికార్డయింది.

ప్రోగ్రాం సగమైంది. అప్పుడు ప్రజాభాగస్వామ్యం వచ్చింది.

ప్రసారం చూసేవాళ్ళు ఎవరైనా, రాస్తున్న వరుస మీద వ్యాఖ్య పెట్టవచ్చు. ప్రతి వ్యాఖ్యకూ సంతృప్తికరమైన జవాబు ఇచ్చాకే ఉద్యోగి తర్వాతి వరుస రాయాలి. ఇందుమతి గవ్వలపేట పేరున్న వరుస రాయగానే వ్యాఖ్యలు వచ్చి పడ్డాయి. ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పాడు. ఆమె శుభోదయం అని జవాబిచ్చింది. మర్నాడు ఆయనే మరో గులాబీ పంపాడు. ఒక విశ్రాంత ఉద్యోగి, గవ్వలపేటకే ఎందుకు, తమ కాలనీలో కుక్కల బెడద ఉంది, ఒక సైరన్ ఇప్పించగలరా అని అడిగాడు. ఒకామె చీర ఎక్కడ కొన్నారని అడిగింది. దుకాణం పేరు చెబితే ప్రచారం, చెప్పకపోతే మూసివేత. ఆ ప్రశ్న పారదర్శకతా విభాగానికి వెళ్ళి, తలుపు వెనక చాలాకాలం ఉంది.

“జవాబు రాకుండా తర్వాతి వరుస రాయకూడదా అండీ?” అని గౌరీనాథాన్ని అడిగింది.

“కూడదు మేడం. కానీ చీర బాగుంది. ఎక్కడ కొన్నారు?”

ఈలోగా పరిశీలకుల సంఖ్య పెంచారు. పరిశీలకులు సరిగా పరిశీలిస్తున్నారో లేదో చూడటానికి మరికొందరిని నియమించారు. కొత్తవాళ్ళను తీసుకోవడానికి మంజూరు లేనందున ప్రోగ్రాంలు రాసేవాళ్ళనే ఒక్కొక్కరుగా పరిశీలకులుగా మార్చారు. ఆకుపచ్చ బిళ్ళ వేసుకున్నవాళ్ళు కీబోర్డు అప్పగించాలి. పరిశీలకుడు రాస్తే పరిశీలనలో పక్షపాతం వస్తుందని నియమం. ఎవరూ బాధపడలేదు. చెరిపే మీట లేకుండా రాయడం కంటే ఇతరులు రాస్తుండగా చూడటం సులువు. ఆశ్వయుజం వచ్చేసరికి హాల్లో కీబోర్డు ఉన్నది ఇందుమతి ఒక్కదానికే. ఆమె చుట్టూ అర్ధచంద్రాకారంలో మూడు వరుసల స్టూళ్ళు.

ఆమె ప్రోగ్రాం పూర్తి కావచ్చింది. ఇక ఒక్క వరుస. కొత్త సైరన్ నంబరు ఉండవలసిన వరుస. చివరి వరుస రాసేటప్పుడు పరిశీలకులందరూ హాజరు కావాలని నిబంధన. రోజూ ఎవరో ఒకరు సెలవు పెట్టేవారు.

తుపాను ఒక గురువారం మధ్యాహ్నం వచ్చింది.

వాతావరణం వాళ్ళ కబురు అందగానే పెద్ద తెర మీద తీరం పటం వెలిగింది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా సైరన్‌లు ఒక్కొక్కటిగా ఆకుపచ్చ రంగులోకి మారాయి. మారిన ప్రతి పల్లెకూ సందర్శకులు చప్పట్లు కొట్టారు. అన్నీ మారాక ఒక్క చుక్క ఎర్రగా మిగిలింది. దాని పక్కన గవ్వలపేట అని పెద్ద అక్షరాలతో ఉంది.

సంచాలకులు హాలు మధ్యకు వచ్చి నిలబడ్డారు. ఆయన ముఖంలో తృప్తి ఉంది. “చూశారా? పాత రోజుల్లో ఈ లోపం ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇవాళ వేలమంది చూస్తున్నారు.”

“సార్, అక్కడ పడవలు బయల్దేరే వేళ ఇది” అంది ఇందుమతి. “ఆ ఒక్క వరుస రాసేస్తాను. అనుమతివ్వండి.”

“పరిశీలకులు ఎంతమంది ఉన్నారు?”

“ఇద్దరు తక్కువ సార్” అన్నాడు గౌరీనాథం.

“అయితే ఎలాగమ్మా?”

“మరి సైరన్ సార్?”

“సైరన్ విషయం వేరు. లోపం కనిపిస్తోందా, లేదా?”

“కనిపిస్తోంది సార్.”

“అదీ.”

ప్రసారం కింద వ్యాఖ్యలు వస్తున్నాయి. ఎర్ర చుక్క చాలా స్పష్టంగా ఉందని ఒకరు, ఇంత నిజాయితీ ఏ ఆఫీసులోనూ చూడలేదని మరొకరు. గులాబీ ఆయన గులాబీ పెట్టాడు.

ఇందుమతి లేచింది. “ఎక్కడికి మేడం?” అన్నాడు గౌరీనాథం. “బాత్‌రూమ్‌కి” అంది. ఆయన ఆమె చేతిలో ఫోను చూశాడు. చూసింది రాసుకోవలసిన పుస్తకం ఒళ్ళోనే ఉంది. కలం మూత పెట్టి, కిటికీలోంచి సముద్రం వైపు తిరిగి, “ఈ కాలంలో సిలిండర్ నెల దాటినా రావటం లేదు” అని పైకి ఆలోచించడం మొదలుపెట్టాడు.

ఉపసంఘం ఇంకా తేల్చలేదు గనుక బాత్‌రూమ్‌కి తలుపుంది. ఇందుమతి తలుపు వేసి, గడియ పెట్టి, ఎర్రమ్మ ఇంటికి ఫోన్ చేసింది.

“ఎర్రమ్మా, నేను ఇందుమతిని. పెద్ద గాలి వస్తోంది. పడవలు ఆపండి.”

“కుయ్యలేదేటమ్మా మరి?”

“కుయ్యదు. నేనే చెబుతున్నాను. పరుగెత్తండి.”

అవతల ఫోను పడేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, “ఒలమ్మో, పైడీ! నూకాలూ! గిన్నెలట్టుకు రండే!” అన్న కేక దూరమవుతూ వినిపించింది. గవ్వలపేట ఆడవాళ్ళు చేపల సిలవరు గిన్నెలు పట్టుకుని, గరిటెలతో బాదుకుంటూ సరుగుడు తోటలోంచి ఒడ్డుకు పరుగెత్తారు. రెండు పడవలు అప్పటికే అలలు దాటాయి. ఆ చప్పుడుకు పడవల్లోవాళ్ళు వెనక్కి చూశారు. ఒక పడవ తిరిగింది. రెండోది కాసేపు తటపటాయించి, అదీ తిరిగింది. చీకటి పడేసరికి సముద్రం కొత్త స్తంభం మొదలుదాకా వచ్చింది.

సోమవారం సమీక్షా సమావేశం జరిగింది. ప్రత్యక్ష ప్రసారం ఉంది.

సంచాలకులు నివేదిక చదివారు. “గవ్వలపేటకు సైరన్ కుయ్యలేదు. సందేశం వెళ్ళలేదు. మన రికార్డుల్లో ఆ గ్రామానికి ఏ విధమైన హెచ్చరికా అందిన దాఖలా లేదు. అయినప్పటికీ అక్కడ ప్రాణనష్టం శూన్యం. దీనిని బట్టి తేలేదేమిటి? గవ్వలపేట హెచ్చరిక అవసరం లేకుండానే సురక్షితంగా ఉండగల స్వయంసమృద్ధ గ్రామం. కనుక అక్కడి సైరన్‌ను కలిపే పనిని ఇంతటితో అనవసరంగా పరిగణించి మూసివేయాలని ప్రతిపాదిస్తున్నాను.”

గౌరీనాథం ఇందుమతి వైపు చూశాడు. చూసి, చప్పున కళ్ళు తిప్పుకున్నాడు. ఊరుకుంటే ఆమెకు ఏమీ కాదు. ఊరుకుంటే గవ్వలపేట పని కూడా ఇక ఎప్పటికీ కాదు. ఆమె లేచింది.

“సార్, వాళ్ళను ఆపింది నేను. ఫోన్ చేశాను.”

“ఏ తెర మీద?”

“తెర మీద కాదు సార్. బాత్‌రూమ్‌లోంచి.”

అన్ని నెలల తర్వాత హాల్లో మొదటిసారి ఎవరూ పైకి ఆలోచించలేదు.

“తలుపు?” అన్నారు సంచాలకులు.

“వేసుకున్నాను సార్.”

“గడియ?”

“పెట్టాను.”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “చక్రధరం గారి తర్వాత ఈ కేంద్రంలో మళ్ళీ మూసివేత చూడవలసి వస్తుందనుకోలేదు. అది కూడా మీ చేత.”

ఇందుమతి చక్రధరం సీటులోని కెమెరా వైపు ఒకసారి చూసింది. “చర్య తీసుకోండి సార్, నాకు అభ్యంతరం లేదు. కానీ సైరన్ అవసరమని ఇప్పుడు తెలిసింది కదా. ఒక్క వరుస మిగిలింది. అది రాశాక తీసుకోండి” అంది.

“తెలియలేదమ్మా. మీరు చెప్పేది రహస్యంగా జరిగిన సంఘటన. దాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తే రహస్యాన్ని ప్రోత్సహించినట్టవుతుంది. నివేదికలో మార్పు లేదు.”

ఆ మధ్యాహ్నమే రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది ఉపసంఘానిది. నెలల తరబడి తేలని అంశాన్ని అర్ధగంటలో తేల్చి, బాత్‌రూమ్ తలుపులు ఊడదీయించారు. రెండోదాని ప్రకారం ఇందుమతి కీబోర్డు తీసుకుని, ఆకుపచ్చ బిళ్ళ ఇచ్చారు. ఫోన్లన్నిటినీ ప్రవేశద్వారం దగ్గర అద్దాల పెట్టెలో పెట్టించారు. ఇప్పుడు కేంద్రంలో అందరూ పరిశీలకులే. దాచడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ సంవత్సరం పారదర్శకతకు ఇచ్చే షీల్డు ఈ కేంద్రానికే వచ్చింది. దాన్ని చక్రధరం సీటులో, కెమెరా పక్కన పెట్టారు.

“మేడం, ఆ వరుస నేను రాయనా?” అని గౌరీనాథం ఒక రోజు మైకులోనే అడిగాడు. “కీబోర్డు కావాలని దరఖాస్తు పెట్టాను. ప్రజల అభిప్రాయానికి పెట్టారు.”

“ఏమంటున్నారండీ?”

“ఒకాయన గులాబీ పెట్టాడు.”

కార్తీకంలో ఎర్రమ్మ సంతకు వచ్చి, దారిలో కేంద్రానికి వచ్చింది. సందర్శకుల మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా స్టూళ్ళ మీద కూర్చున్న మనుషులను ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా చూసింది. ఇందుమతిని గుర్తుపట్టి, ఆమెకు దగ్గరగా ఉన్న మెట్టు మీదికి జరిగి కూర్చుంది.

“ఏటి సేత్తన్నారమ్మా అందరూ?”

“చూస్తున్నాం ఎర్రమ్మా.”

“ఏటి?”

ఇందుమతి ఖాళీ టేబుల్ వైపు చూపించింది. గవ్వలపేట ప్రోగ్రాం రాసిన టేబుల్. దాన్ని పరిశీలించడమే ఇప్పుడామె పని.

ఎర్రమ్మ ఆ టేబుల్‌ని కాసేపు చూసింది. కోప్పడలేదు. “ఇంకా రెండు నెలలు గాలులున్నాయమ్మా. పోనీ, మొన్నట్లాగే ఫోన్ సేత్తావా?”

“ఫోన్ అద్దాల పెట్టెలో ఉంది.”

“సూసినాను. వొచ్చేటప్పుడు కనపడ్డాది.” కొంగు దులుపుకుని లేచింది. “అయితే మావే సూసుకుంటాం. ఆకాశం వొంక సూడ్డానికి పిల్లనొకదాన్ని కూకోబెడతాం.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “చక్రం బాబు ఉంటే నీకీ బాధ లేకపోను.”

ఇందుమతి తల ఊపింది.

గవ్వలపేట కొత్త సైరన్ నంబరు ప్రోగ్రాంలో ఇంకా చేర్చలేదు.